తెలుగిల్లే, పండగ మాత్రం వాళ్ల పద్ధతి

సంక్రాంతికి ఊరెళ్దామని శబరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ వెతికారు. అయ్యప్ప భక్తుల రద్దీతో బండి ఎప్పుడో నిండిపోయింది. తత్కాల్‌లోనూ వెయిటింగే. కోయంబత్తూరులో ఉద్యోగమో, మదురైలో చదువో, మొత్తానికి పండక్కి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. మీ ముఖం చూసి పక్క సీటాయన అన్నాడు: "దిగులెందుకు? మా ఇంటికి రండి, మేమూ తెలుగువాళ్లమే."

ప్రాణం లేచొచ్చింది కదూ? వెళ్లారు. కడుపునిండా పెట్టారు, ఆప్యాయంగా చూసుకున్నారు. అయినా తిరిగొస్తుంటే మనసులో ఏదో వెలితి. "తెలుగువాళ్లే గానీ, మనలా లేరు" అనిపించింది. ఫోన్‌లో అమ్మతో అదే మాట అన్నారు కూడా.

ఈ అధ్యాయం ఆ వెలితి గురించే. తమిళుల ఇంటికి వెళ్లేటప్పుడు తేడాలుంటాయని ముందే సిద్ధపడి వెళ్తాం. ఏది కొత్తగా కనిపించినా సంబరంగా చూస్తాం. తెలుగువాళ్ల ఇల్లనేసరికి ఆ సిద్ధపాటు ఉండదు. మన ఇంటి పండగే అక్కడా జరుగుతుందని ఆశపడతాం, జరగకపోతే నొచ్చుకుంటాం. తప్పు వాళ్లదీ కాదు, మీదీ కాదు. ఆశ తప్పు చోట పెట్టుకున్నారంతే. దాన్ని సరిచేసుకోవడం కష్టమేమీ కాదు.

1. వెళ్లేముందు వాళ్ల కథ కాస్త తెలుసుకోండి

"మీరు ఎప్పుడు వలస వచ్చారండీ?" మనవాళ్లు గడప దాటగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. తాతల కాలంలోనో, ముత్తాతల కాలంలోనో వచ్చారని మన ఊహ. నిజానికి ఆ కథ చాలా వెనక్కి పోతుంది. మదురైలో నాయక రాజుల పాలన విశ్వనాథ నాయకుడితో 1529 ప్రాంతంలో మొదలైంది. తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. రాణి మంగమ్మ కట్టించిన సత్రం ఇప్పటికీ మదురై రైల్వే స్టేషన్ ఎదురుగానే ఉంది. బోడినాయకనూరు, గండమనాయకనూరు, అమ్మయనాయకనూరు అని ఊళ్ల పేర్లలోనే ఆ చరిత్ర ఉంది. విజయనగర కాలం నుంచీ తెలుగు రైతులు నల్లరేగడి నేలలు వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. పత్తి పండించారు. కోయంబత్తూరులో ఆ పత్తి మిల్లులయింది. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టారు. పీలమేడులో పి.ఎస్.జి. కుటుంబం 1926లో ధర్మసంస్థ స్థాపించింది. జి.డి. నాయుడు 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేయించారు. మీరు రోజూ వెళ్లే అవినాశి రోడ్డు మీద పైవంతెనకు 2025లో ఆయన పేరే పెట్టారు.

ఇంత వేళ్లూనుకున్న కుటుంబాన్ని "ఎప్పుడు వచ్చారు" అని అడిగితే ఎలా ఉంటుంది? వాళ్లకు అది సొంత ఊరు, అతిథి మీరు. "మీ ఊరి గురించి చెప్పండి" అని అడగండి. పెద్దవాళ్లు ఉత్సాహంగా చెబుతారు.

వీలుంటే ఒక నవల గురించి తెలుసుకుని వెళ్లండి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువాళ్లు దక్షిణానికి వచ్చి ఊరు కట్టుకున్న కథను తమిళంలో రాశారు. ఆ వరసలోని 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. చదువుకున్న ఇంట్లో కి.రా. పేరెత్తి చూడండి, మాటలు వాటంతటవే సాగుతాయి.

2. తేదీ, వేళ అడిగి వెళ్లండి

ఇలా ఊహించుకోండి. విజయవాడ కుర్రాడొకడు దీపావళికి పిలుపందుకుని, సాయంత్రం ఆరున్నరకి స్వీట్ల పెట్టె, కాకరపువ్వొత్తులు పట్టుకుని వెళ్లాడు. ఇంట్లో సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. పిల్లలు టీవీ ముందున్నారు. "పొద్దున్నే వస్తావనుకున్నాం నాయనా" అంది ఇంటావిడ. కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు.

తమిళనాట దీపావళి తెల్లవారుజామున మొదలవుతుంది. అక్కడ అసలు పండగ నరకచతుర్దశి. తెల్లారకముందే లేపి, పెద్దవాళ్లు తలకు నూనె పెడతారు. తలంటు అయ్యాక, అంచుకు పసుపు పెట్టిన కొత్త బట్టలు కట్టుకుంటారు. దీపావళి లేహ్యం ఒక ఉండ మింగాలి. అల్లం, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి కలిపి చేసేది, ఆ రోజు తినబోయే పిండివంటలన్నీ అరగడానికి. ఆ తర్వాతే టపాసులు. చాలా ఇళ్లలో పొద్దున ఇడ్లీల్లోకి మాంసం కూర ఉంటుంది. సాయంత్రం లక్ష్మీపూజ చేసి, ప్రమిదలు వెలిగించి, అప్పుడు మతాబులు కాల్చే మనకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. తరతరాలుగా అక్కడున్న తెలుగిళ్లలో చాలావాటిలో ఇదే పద్ధతి. ఇంకొన్ని ఇళ్లలో పొద్దున తలంటు, సాయంత్రం దీపాలు, రెండూ ఉంటాయి. కొన్నేళ్లు పంచాంగంలో చతుర్దశి, అమావాస్య పడే తీరునుబట్టి మనకంటే ఒక రోజు ముందే పండగ అయిపోతుంది.

తేదీల విషయంలో ఇంకో సంగతి తెలుసుకుంటే సగం గందరగోళం పోతుంది. మనది చాంద్రమానం, తమిళులది సౌరమానం. మన నెల అమావాస్య దాటాక మొదలైతే, వాళ్ల నెల సూర్యుడు రాశి మారినప్పుడు మొదలవుతుంది. వాళ్ల ఆడి మాసమూ మన ఆషాఢమూ కొంత కలుస్తాయి, కొంత కలవవు. పెళ్లి ముహూర్తాలూ అందుకే తేడా పడతాయి. సంక్రాంతి సూర్యుణ్ణిబట్టి వచ్చేది కాబట్టి ఇద్దరికీ ఒకటే.

కాబట్టి పిలుపు రాగానే మూడు ప్రశ్నలు వేయండి. ఏ రోజు? ఎన్నింటికి రావాలి? తలంటుకునే రావాలా, మీ ఇంట్లోనా? మూడోది అడగడానికి మొహమాటపడకండి. ఆ ఇంటి పెద్దావిడ చేత తలకు నూనె పెట్టించుకోవడం కంటే మంచి స్వాగతం ఏముంటుంది? టపాసులకు మాత్రం తమిళనాడు ప్రభుత్వం కొన్నేళ్లుగా పొద్దున 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8 అని వేళలు పెడుతోంది. ఆ ఏడాది ప్రకటన చూసుకోండి.

3. సంక్రాంతి నాలుగు రోజులూ ఒక్కొక్కటిగా చూడండి

భోగి అనగానే మనకు తెల్లవారుజామున మంటలు, సాయంత్రం పిల్లల తలమీద రేగుపళ్లు. కొంగునాట, అంటే కోయంబత్తూరు ప్రాంతంలో, భోగికి ముఖ్యమైనది కాప్పుకట్టు. వేపరెమ్మ, ఆవారంపూలు, పూళైపూలు కలిపి చిన్న కట్టలుగా కట్టి ఇంటి చూరుకూ, గేటుకూ, పొలం గట్టుకూ దోపుతారు. ఆ రోజు బజార్లో ఈ కట్టలు గుట్టలు పోసి అమ్ముతారు. దగ్గరికెళ్లి చూడండి. ఆ పసుపు ఆవారంపూలు మన తంగేడే, బతుకమ్మ పేర్చిన చేతులు ఇట్టే గుర్తుపడతాయి. తెల్లని కంకుల్లాంటి పూళై మన కొండపిండి. మీరున్న గది గుమ్మానికీ ఒక కట్ట తెచ్చి దోపుకోండి. ఇంటి ఓనరు ముఖం వెలిగిపోతుంది.

పొంగల్ నాడు వాకిట్లో సూర్యుడికెదురుగా కొత్త కుండ పెట్టి, దాని మెడకు ఆకులతో సహా పసుపు మొక్క కట్టి, చెరకుగడలు నిలబెట్టి, పాలు పొంగిస్తారు. మనలో చాలా ఇళ్లలో పాలు పొంగించేది రథసప్తమికి, చిక్కుడాకులతో. అక్కడ అది ఈ రోజే. పాలు పొంగి కుండ అంచు దాటగానే అందరూ "పొంగలో పొంగల్" అని గొంతెత్తి అరుస్తారు. ఆ క్షణంలో చాలామంది చేసే పొరపాటు, ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ నిలబడటం. వద్దు. ఫోన్ జేబులో పెట్టి మీరూ అరవండి. చుట్టంగా వచ్చినవాడు ఇంటివాడయ్యేది అక్కడే.

అరిసెలు కనిపించలేదని బెంగపడకండి. వాటికి చుట్టమైన అదిరసం తమిళనాట దీపావళి వంట. అప్పుడు మళ్లీ వెళ్లండి.

మూడోరోజు మనకు కనుమ, వాళ్లకు మాట్టుప్పొంగల్. పశువుల పండగ ఇద్దరికీ ఒకటే. కానీ మనకు కనుమంటే మినుముతోపాటు మాంసం కూడా. తమిళనాడు ప్రభుత్వం అదే రోజు తిరువళ్లువర్ దినం జరుపుతుంది కనుక నగరాల్లో మాంసం దుకాణాలు మూయిస్తుంటారు. కోడి కూర వండుకుందామని ఆ ఉదయం సంచీ పట్టుకుని బయల్దేరితే ఉత్త చేతులతో తిరిగి రావాలి. ముందురోజే చూసుకోండి, లేదా గారెలతో సరిపెట్టుకోండి. ఉడుమలైపేట వైపు స్నేహితులుంటే ఆ పూట అటు వెళ్లగలరేమో చూడండి. తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల ఊళ్లలో సలగెరుదు ఆట ఉంటుంది. దేవుడికి వదిలిన ఎద్దును వాద్యాల హోరులో ఆడిస్తారు. ఆ ఎద్దును వాళ్లు చూసుకునే తీరు చూస్తే, మన గంగిరెద్దును గడపలో నిలబెట్టి బియ్యం పోసే అమ్మలు గుర్తొస్తారు.

"కనుమనాడు కాకి కూడా కదలదు" అని మనల్ని ఇంట్లో కూర్చోబెట్టేవారు. ఆ మర్నాడు, మనం ముక్కనుమ అనే రోజున, వాళ్లది కాణుం పొంగల్. చుట్టాలను చూడ్డానికి, షికార్లకు అదే రోజు. ఆళియార్, వైగై డ్యాముల దగ్గర జనం కిటకిటలాడతారు. కొంగు పల్లెల్లో ఆడపిల్లలు పూలు కోయడానికి గుంపుగా వెళ్తారు. మీరు బద్ధకంగా పడుకుని ఉంటే తలుపు తట్టి మరీ లాక్కెళ్తారు. వెళ్లండి.

4. వాళ్ల తెలుగును దిద్దకండి

ఎక్కువ మనసులు నొచ్చుకునేది ఇక్కడే, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. ఆ ఇంటి అవ్వ "ఎప్పుడు వస్తివి?" అంటే నవ్వకండి. "వచ్చారు అనాలండీ" అని సరిచేయకండి. మాటల మధ్య తమిళం దొర్లితే "మీరు తెలుగు మర్చిపోయారు" అనకండి. బడిలో తెలుగు లేకుండా, పుస్తకం, పత్రిక, సినిమా హాలు ఏవీ అండగా లేకుండా, వంటింట్లో మాట్లాడుకుంటూనే ఇన్ని తరాలు నిలబెట్టిన భాష అది. మీ పిల్లలు హైదరాబాద్‌లోనే తెలుగులో ఒక పేజీ చదవడానికి తడబడుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

చాలామందికి తెలుగు లిపి రాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచీ బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. కాబట్టి వాట్సాప్‌లో తెలుగు అక్షరాలతో శుభాకాంక్షలు పంపితే ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే. గొంతుతో రికార్డు చేసి పంపండి. అవ్వకు కూడా వినిపిస్తారు.

పిలుపుల విషయం. "గారు", "అండి" వినపడకపోతే మర్యాద లేదనుకోకండి. కోయంబత్తూరు తమిళంలో మాట చివర "ంగ" చేరుస్తారు, "సరింగ", "వాంగ" అని. చిన్నపిల్లలతో కూడా అలాగే మాట్లాడతారు. మర్యాదలో ఆ ఊరిదే పైచేయి. మిమ్మల్ని "కణ్ణు" అనో, ఆడపిల్లలైతే "అమ్మిణి" అనో పిలిస్తే అది ముద్దు. మీరు మాత్రం అమ్మా, అయ్యా, అన్నా, అక్కా అంటే చాలు, ఎక్కడా తేడా రాదు.

పేరు ముందున్న అక్షరాన్ని ఇంటిపేరు అనుకోకండి. అది తండ్రి పేరులో మొదటి అక్షరం. ఇంటిపేర్లు చాలా కుటుంబాల్లో ఉన్నాయి గానీ, పెళ్లి సంబంధాలప్పుడు తప్ప బయటికి రావు.

5. "తెలుగువాళ్లు" అంటే ఎవరో కాస్త విశాలంగా చూడండి

"నాయుడు" అని వినగానే మీ జిల్లా లెక్కన ఒక కులం ఊహించుకుని మాట్లాడకండి. కోయంబత్తూరులో ఆ పేరు ఎక్కువగా కమ్మవారిది. మదురై వైపు నాయుడు, నాయకర్ అనే పేర్ల కింద బలిజ, గవర, రాజకంబళం ఇలా ఎన్నో సమూహాలున్నాయి. రెడ్డియార్లు, ఇరవైనాలుగు మనై చెట్టియార్లు, దేవాంగుల్లో కొందరు కూడా ఇంట తెలుగు మాట్లాడతారు.

అరుంధతియార్లలో చాలామందిదీ తెలుగే. కోయంబత్తూరులో వీధులు ఊడ్చే, చెత్త ఎత్తే కార్మికుల్లో ఎక్కువమంది వాళ్లే. తెలుగు కోసం మొహం వాచిపోయానంటూ పట్టణమంతా వెతుకుతారు, మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గర పొద్దున ఆరింటికే తెలుగు వినబడుతున్నా చెవిన పడదు. రేపు ఆ గేటు దగ్గర ఊడ్చే ఆవిడతో తెలుగులో మాట్లాడి చూడండి. పండగనాడు పాత చీర, మిగిలిన కూర ఇచ్చే అలవాటు మానండి. ఇంట్లోవాళ్లకు పెట్టిన పళ్లెంలోనే, అదే వేడి మీద, కూర్చోబెట్టి పెట్టండి. ఈ అధ్యాయంలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయమంటాను.

6. ఆయుధపూజ నాడు పనిముట్టు ముట్టకండి

దసరాకి మనకు అమ్మవారి అలంకారాలు, జమ్మిచెట్టు, తెలంగాణలో బతుకమ్మ. కోయంబత్తూరు పంపులు, గ్రైండర్లు, పోతపనుల ఊరు. అక్కడ మహానవమి నాటి ఆయుధపూజను చూసి తీరాలి. ముందురోజే లేతుయంత్రాన్ని డీజిల్‌తో తుడిచి, ఇనుపరజను అంతా ఊడ్చి, నేల కడుగుతారు. మర్నాడు యంత్రానికి విభూతి, గంధం, కుంకుమ బొట్లు, అరటిపిలకలు. స్పానర్లు, కాలిపర్లు వరసగా పేర్చి పూలు వేస్తారు. గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొడతారు. బొరుగులు, శనగలు, బెల్లం పొట్లాలు కట్టి పనివాళ్లందరికీ పంచుతారు. ఆఫీసుల్లో కంప్యూటర్లకూ బొట్టే.

పూజలో పెట్టిన పనిముట్టును విజయదశమి దాకా తీయరు, పుస్తకాన్ని తెరవరు. "ఒక్క మెయిల్ పంపి ఇస్తాను" అని బొట్టు పెట్టిన లాప్‌టాప్ తెరిచేవాళ్లను చూశాను. పెద్దాయన ఏమీ అనడు, కానీ నొచ్చుకుంటాడు. అత్యవసరమైన పని ఉంటే ముందే చెప్పి మీ యంత్రాన్ని పక్కన పెట్టించుకోండి.

7. ఆకు ముందు తొందరపడకండి

ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వస్తాయని చూస్తారు. సాంబారు వస్తుంది, తర్వాత రసం, తర్వాత పెరుగు. కారం మనకంటే తక్కువ. సంచిలోంచి పచ్చడి పొట్లం తీసి ఆకులో వేసుకోకండి, వండినావిడ చూస్తోంది. పచ్చడి తీసుకెళ్లాలనుకుంటే సీసాతో సహా బహుమతిగా ఇవ్వండి. మీకోసం ప్రత్యేకంగా ఏం చేశారో గమనించి, దాని గురించి అడగండి. కోయంబత్తూరు ఇంట్లో అరిసిపరుప్పు సాదం, ఒప్పుట్టు తప్పకుండా మళ్లీ వేయించుకోండి. ఒప్పుట్టు బొబ్బట్టుకు తోబుట్టువే. నీళ్లు గ్లాసు ఎత్తి పోసుకుని తాగడం ముందే ఇంట్లో సాధన చేయండి, ఎంగిలి చేయకుండా తాగడం అక్కడ చాలామందికి పట్టింపు.

8. మదురైలో ఉంటే

జల్లికట్టు పొంగల్ నాడు అవనియాపురంలో, మర్నాడు పాలమేడులో, ఆ తర్వాత అలంగానల్లూరులో. మన కోడిపందేలతో పోల్చి వాదన పెట్టుకోవద్దు. 2014లో సుప్రీంకోర్టు ఆపేసిన ఆట కోసం 2017 జనవరిలో తమిళ యువత రోడ్లమీదికొచ్చి చట్టం తెప్పించుకుంది, 2023లో కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. వాళ్లకు అది ఎంత లోతైన విషయమో అర్థం చేసుకోండి. గ్యాలరీలోనే కూర్చోండి, ఎద్దులు బయటికొచ్చే దారిలో నిలబడకండి. మీనాక్షి గుడికి వెళ్తే ఫోన్ బయటే అప్పజెప్పాలి, అందుకు సమయం వేసుకోండి.

9. మీరూ పిలవండి

పిలిపించుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఉగాదికి మీరు పిలవండి. తమిళనాడు ప్రభుత్వం తెలుగు సంవత్సరాదికి సెలవిస్తుంది కాబట్టి అందరికీ వీలవుతుంది. ఏప్రిల్ 14న తమిళ సంవత్సరాది కూడా చేసుకునే ఇల్లయితే, అప్పుడు మళ్లీ వాళ్లింటికి మీరు వెళ్లొచ్చు.

వారం ముందే చెప్పండి, అవ్వకు విడిగా చెప్పండి. వేపపువ్వు ముందురోజే సంపాదించండి, మార్చి ఎండలకు ఆ ఊళ్లో ఏ వీధి చివర చూసినా వేపచెట్టు పూసి ఉంటుంది. కారం సగం తగ్గించండి. పులిహోర చేయండి, కాస్త గోంగూర పక్కన పెట్టండి, వేసుకోమని బలవంతం చేయకండి. ఉగాది పచ్చడి కలిపేటప్పుడు అవ్వను వంటింట్లోకి పిలిచి, వాళ్లింట్లో ఏమేం వేస్తారో అడిగి, ఆవిడ చేతనే బెల్లం వేయించండి. అరటాకులు ఉదయాన్నే తెచ్చుకోండి, పది దాటితే మంచివి దొరకవు.